మినీ ట్రాక్టర్ టైర్లలో ‘బరువు లిక్విడ్’ పోయిస్తున్నారా? ముందు ఇది చదవండి

కోనసీమలో కొబ్బరి తోటల కోసం మినీ ట్రాక్టర్ కొంటున్న రైతులందరికీ చెబుతున్నాను. టైర్లలో బరువు కోసమని ఎవరైనా ‘స్పెషల్ లిక్విడ్’ అమ్మితే, అందులో ఏం కలిపారో తేలేదాకా డబ్బులివ్వకండి.

నిరుడు రాజోలు వైపు మా తోటలో రోటవేటర్ వేయడానికి బండి తీసుకున్నాను. వానలు పడ్డాక ఒండ్రు నేలలో వెనక చక్రాలు ఉన్నచోటే గిర్రున తిరిగేవి. షాపులో చెబితే, “నీళ్లకి రెట్టింపు బరువండి, పోయించండి, ఇక జారదు” అన్నారు. 6,500 తీసుకున్నారు. బిల్లు ఇవ్వలేదు, నేనూ అడగలేదు. అక్కడే పొరపాటు చేశాను.

పది నెలలకి వాల్వు చుట్టూ తెల్లగా పొక్కు కట్టింది. గోటితో గీకితే కింద ఎర్రటి తుప్పు చెమ్మ. టైరు విప్పించాం. రిమ్ము లోపలి అంచు పొరలు పొరలుగా లేచిపోయింది, మెకానిక్ స్క్రూడ్రైవర్ ఆనించి నొక్కితే అటువైపుకి దిగిపోయింది. ట్యూబులో ఉన్నది ఉత్త ఉప్పునీళ్లు! అదీ గాలికి చోటు లేకుండా నిండా కొట్టేశారు. గట్టు దాటినప్పుడల్లా నడుం అదిరిపోతుంటే సీటు బాగోలేదనుకున్నాను ఇన్నాళ్లూ. రెండు రిమ్ములు, రెండు ట్యూబులు కొత్తవి వేయించాల్సి వచ్చింది. షాపువాళ్లు ఫోన్ ఎత్తడం లేదు.

చలి దేశాల్లో టైర్లలో నీళ్లు గడ్డకట్టకుండా కాల్షియం క్లోరైడ్ అనే ఒక రకం లవణం కలుపుతారు. మన డెల్టాలో ఆ అవసరం ఏ కాలంలోనూ రాదు. మామూలు ఉప్పు ఎంత కలిపినా లీటరు 1.2 కిలోలు దాటదు, రెట్టింపు అన్నది పచ్చి అబద్ధం.

ఇప్పుడు మంచినీళ్లే పోయించాను. జాకీ మీద లేపి, వాల్వు పైకి వచ్చేలా తిప్పి, ముప్పాతిక వంతు నీళ్లు, మిగతాది గాలి. చక్రానికి 60 లీటర్లు పట్టింది, అంటే 60 కిలోలు. తోటలో పనికి అది చాలు. సముద్రం దగ్గరి ఊళ్లలో బోరు నీళ్లు ఉప్పగా ఉంటాయి, కాలవ నీళ్లు వడగట్టి పోయించండి. అదే బండితో వరిచేలో దమ్ము కూడా చేసేవాళ్లు మాత్రం నీళ్ల జోలికి పోవద్దు, బరువుకి దిగబడిపోతుంది. చక్రానికి బోల్టులతో బిగించే ఇనుప బరువులైతే దమ్ముకి ముందు తీసి పక్కన పెట్టుకోవచ్చు. టైరు గ్రిప్పు అరిగిపోయి ఉంటే ఏ బరువూ పనిచేయదు.

సెకండ్ హ్యాండ్ బండి చూస్తున్నవాళ్లు వాల్వుని కిందికి తిప్పించి పిన్ను కాస్త నొక్కండి. నీళ్లు వస్తే నాలుగు చుక్కలు నల్లటి రేకు మీద ఆరబెట్టండి. తెల్లటి పొడి దట్టంగా మిగిలిందంటే టైరు విప్పించి రిమ్ము చూడకుండా బయానా ఇవ్వకండి.