పాత ల్యాప్‌టాప్‌లో గేములకి ఏ లినక్స్ మేలు: మింటా, లుబుంటువా, ఎంఎక్సా?

విండోస్ 10కి 2025 అక్టోబరు 14తో సపోర్ట్ ఆగిపోయాక మా పర్లాకిమిడి, గుణుపురం వైపు కుర్రాళ్లు అడిగేది ఒకటే: 4 జీబీ ర్యామ్, ఐ3 ఉన్న పాత ల్యాప్‌టాప్‌లో ఏ లినక్స్ వేస్తే గేములు ఆడుకోవచ్చు? నా మాట ముందే చెప్పేస్తాను, లినక్స్ మింట్‌లో ఎక్స్‌ఎఫ్‌సీఈ అనే తేలికపాటి డెస్క్‌టాప్ ఉన్న ఎడిషన్ వేసుకోండి.

తేలికైనది అనగానే అందరూ లుబుంటు పేరెత్తుతారు. నిజమే, దాని డెస్క్‌టాప్ ర్యామ్ కాస్త తక్కువే తింటుంది, కానీ గేమ్ ఫుల్‌స్క్రీన్‌లో ఆడుతున్నప్పుడు అలా మిగిలిన కొద్దిపాటి ర్యామ్ వల్ల ఫ్రేములేమీ పెరగవు. పైగా అందులో ఫైర్‌ఫాక్స్ స్నాప్‌గా (కావలసినవన్నీ ఒకే మూటగా కట్టిన ఉబుంటు ప్యాకేజీగా) వస్తుంది, పాత హార్డ్ డిస్క్ మీద అది మొదటిసారి తెరుచుకునేలోపు ఓపిక నశిస్తుంది. మింట్‌లో 20వ వెర్షన్ నుంచీ స్నాప్ ఆపేసే ఉంటుంది. గేములు కొని ఆడుకునే స్టీమ్ యాప్‌ని కూడా స్నాప్‌గా వేయకండి, మామూలు డెబ్ (.deb) ప్యాకేజీయే వేసుకోండి.

ఎంఎక్స్ లినక్స్ సంగతి వేరు, అది నాకు చాలా ఇష్టం. డెబియన్ అనే మరో లినక్స్ మీద కట్టింది, గట్టిగా నిలుస్తుంది, పెన్‌డ్రైవ్ నుంచే నడుపుతూ చేసిన మార్పులన్నీ అందులోనే దాచుకోవచ్చు కాబట్టి హార్డ్ డిస్క్ పోయిన ల్యాప్‌టాప్‌కి దాన్ని మించింది లేదు. అయినా మొదటిసారి లినక్స్ ముట్టుకునేవాళ్లకి మింటే ఎందుకంటానంటే, పాత ల్యాప్‌టాప్‌లలో బ్రాడ్‌కామ్ వైఫై చిప్ ఉంటే వేసిన వెంటనే నెట్ రాదు, అప్పుడు మింట్ డ్రైవర్ మేనేజర్ ఇన్‌స్టాల్ పెన్‌డ్రైవ్ నుంచే ఆ డ్రైవర్ తీసుకోగలదు. అదీ కాకపోతే ఫోన్‌ని కేబుల్‌తో తగిలించి యూఎస్‌బీ టెథరింగ్ పెట్టండి.

అసలు తేడా వచ్చేది గ్రాఫిక్స్ చిప్ దగ్గర. స్టీమ్‌లో విండోస్ గేముల్ని లినక్స్‌లో ఆడించే ప్రోటాన్ ఉంటుంది, అది ఆ గేములు బొమ్మలు గీయడానికి వాడే డైరెక్ట్‌ఎక్స్‌ని చాలావరకు వల్కన్ అనే మరో గ్రాఫిక్స్ పద్ధతిలోకి మారుస్తుంది. 2011 నాటి ఇంటెల్ హెచ్‌డీ 3000కి వల్కన్ లేనే లేదు, 2012 నాటి హెచ్‌డీ 4000కి ఉన్నది అరకొర. ఏ డిస్ట్రో (లినక్స్ రకం) వేసినా అది మారదు. అలాంటి చిప్‌లకి స్టీమ్‌లో ఆ గేము లాంచ్ ఆప్షన్స్‌లో వైన్‌డీ3డీ పెట్టుకుంటే, వల్కన్ బదులు ఓపెన్‌జీఎల్ అనే పాత గ్రాఫిక్స్ పద్ధతి మీద పాత డైరెక్ట్‌ఎక్స్ 9 గేములు చాలావరకు ఆడతాయి. కౌంటర్ స్ట్రైక్ 1.6కి ఆ బాధ కూడా లేదు, దానికి సొంత లినక్స్ వెర్షనే ఉంది. వాలరెంట్ మీద మాత్రం ఆశ పెట్టుకోకండి, దాని యాంటీ-చీట్ లినక్స్‌లో నడవదు.

2 జీబీ ర్యామ్ ఉన్నవాళ్లకి మింట్ వద్దు. కనీసం 2 చాలని వాళ్లే అంటారు, గేములకి మాత్రం చాలదు. యాంటిఎక్స్ అనే ఇంకా తేలికైన లినక్స్ వేసి ఓపెన్‌టీటీడీ (రవాణా కంపెనీ నడిపే చిన్న గేము) లాంటివి ఆడుకోండి. లేదా బరంపురంలోనో శ్రీకాకుళంలోనో సెకండ్ హ్యాండ్ డీడీఆర్3 ర్యామ్ దొరుకుతుందేమో అడగండి, నాలుగు డిస్ట్రోలు మార్చి చూసేకంటే ఆ డబ్బు, ఒక చిన్న ఎస్‌ఎస్‌డీకి పెట్టే డబ్బు ఎక్కువ పని చేస్తాయి.

మింట్ ఐఎస్ఓ (ఇన్‌స్టాల్ కోసం దించుకునే ఫైల్) మూడు జీబీకి అటూ ఇటూ ఉంటుంది. రోజుకి 1.5 జీబీ ప్యాక్ అయితే టొరెంట్‌లో పెట్టండి, ఆగిన చోటి నుంచి మర్నాడు మళ్లీ మొదలవుతుంది. బ్యాటరీ చచ్చిన ల్యాప్‌టాప్ అయితే ఇన్‌స్టాల్ చేసేటప్పుడు ఇన్వర్టర్ ఉన్న ప్లగ్‌కే పెట్టండి, మధ్యలో కరెంటు పోతే మళ్లీ మొదటికే వస్తారు.