ఇంటి ఆల్బమా, ఎవరో పారేసిన ఫొటోనా: ఏది మేలు?

పాత ఫొటోలతో పనిచేసే కళాకారుడు ముందు తేల్చుకోవాల్సింది ఒకటుంది. ఫొటోలో ఉన్నది తనవాళ్లా, పరాయివాళ్లా? ఆ బొమ్మ మీద ఎంతవరకు చెయ్యి వేయవచ్చో దాన్నిబట్టే ఉంటుందని నా అభిప్రాయం.

ఇంటి ఫొటోలతో చేసిన పనుల్లో నాకు బాగా నచ్చింది మన దేశపు కళాకారుడు వివాన్ సుందరం చేసిన ‘రీటేక్ ఆఫ్ అమృత’ (2001–02). చిత్రకారిణి అమృతా షేర్‌గిల్ ఆయనకు పెద్దమ్మ. ఆవిడ 1941లో, 28 ఏళ్లకే లాహోర్‌లో చనిపోయారు. వివాన్ పుట్టింది 1943లో. అంటే పెద్దమ్మ ఆయనకు తెలిసింది ఇంట్లోవాళ్ల మాటల్లో, బొమ్మల్లో, తాత ఉమ్రావ్ సింగ్ తీసిన ఫొటోల్లో. ఆ తాత దశాబ్దాల పాటు భార్యాబిడ్డలను, అంతే శ్రద్ధగా తనను తాను ఫొటోలు తీసుకున్నారు. వివాన్ వాటిని కంప్యూటర్‌లో కలిపి, వేర్వేరు ఏళ్లలో, వేర్వేరు ఊళ్లలో తీసిన మనుషులను ఒకే గదిలోకి తెచ్చారు. ఇది కల్పన అని దాచలేదు. అమృత తండ్రి సిక్కు, తల్లి హంగరీ దేశస్థురాలు. చీరలో ఒక అమృత, గౌనులో ఒక అమృత అసలు ఫొటోల్లోనే ఉన్నారు. ఆమె ఎవరన్న ప్రశ్నను వివాన్ బయటి నుంచి తెచ్చి అంటించలేదు.

ఫ్రెంచ్ కళాకారుడు క్రిస్టియన్ బోల్టాన్‌స్కీ దారి వేరు. 1931లో వియన్నాలోని ఒక యూదుల హైస్కూల్లో తీసిన క్లాస్ ఫొటో తీసుకుని, ఒక్కో ముఖాన్ని విడదీసి, కళ్లు నల్లటి గుంటలయ్యేదాకా పెద్దవి చేశారు. పైన దీపాలు, కింద రేకు డబ్బాలు. చూస్తే గుండె పట్టేస్తుంది. నాజీల కాలంలో, యూదు కుటుంబంలో పుట్టిన ఆయన తండ్రి పారిస్ ఇంట్లో నేల చెక్కల కింద దాక్కుని బతికారు, కాబట్టి ఆ బాధ అరువు తెచ్చుకున్నది కాదు. అయినా నాకు ఇబ్బందిగానే ఉంటుంది. ఆ పిల్లల్లో ఎవరు బతికారో, ఎవరు పోయారో ఆ పని చెప్పదు. అందరికీ ఒకే చావు ముఖం తొడుగుతుంది. ఒక్కొక్కరి పోలిక చెరిగిపోయాక మిగిలేది ఎవరి జ్ఞాపకం?

జర్మనీకి చెందిన యోఆఖిమ్ ష్మిడ్ 1982 నుంచి 2012 దాకా వీధుల్లో పడి ఉన్న ఫొటోలు ఏరారు. చిరిగినవి చిరిగినట్టే అట్టకు అంటించి, ఎక్కడ, ఎప్పుడు దొరికాయో రాశారు. అంతే. ముక్కలు చేసిన చేతి కోపం కూడా అందులో మిగిలింది.

ఇంట్లో ట్రంకుపెట్టె తెరిచి ఇలాంటి పని మొదలుపెట్టేవాళ్లకు వివాన్ దారే మేలు. అయితే అసలు ఫొటోను తాకకుండా స్కాన్ మీదే చేయాలి. వెనకవైపు రాసిన పేర్లు, స్టూడియో ముద్ర కూడా స్కాన్ చేసి పెట్టుకోవాలి. మనుషులను గుర్తుపట్టే పెద్దవాళ్లు ఉండగానే వాళ్లను కూర్చోబెట్టి అడగాలి. పాత సామాన్ల కొట్లో కొన్న పరాయి ఫొటో అయితే మాత్రం ష్మిడ్‌లా ఉన్నదున్నట్టు పెట్టడమే సరి.