గిల్డ్ వార్స్‌లో మాంక్-వారియర్: ఎవరూ తీసుకోని జోడీ

గిల్డ్ వార్స్ 2005లో వచ్చిన ఆన్‌లైన్ కంప్యూటర్ ఆట. నెల చందా లేదు, మారతహళ్లి పీజీలో నా పాత ల్యాప్‌టాప్ మీద కూడా బాగా నడుస్తోంది. ఇందులో పాత్రకి రెండు వృత్తులు పెట్టుకోవచ్చు; నాది ప్రధాన వృత్తి మాంక్ (వైద్యం చేసేవాడు), రెండోది వారియర్ (కత్తి పట్టే యోధుడు). "ఒరేయ్, నువ్వు మందేస్తావా, మొట్టికాయేస్తావా?" అంటాడు మా రూమ్మేట్.

నిజమే, కవచం 60 దగ్గరే ఆగిపోతుంది, అసలు వారియర్‌కి 80. వారియర్ ప్రధాన వృత్తి అయినవాళ్లకే ఉండే స్ట్రెంత్ అనే గుణం మనకి రాదు. కానీ అడ్రినలిన్ స్కిల్స్‌కి ఎనర్జీ అక్కర్లేదు, కత్తి తగిలేకొద్దీ అవే నిండుతాయి. ఉన్న ఎనర్జీ అంతా వైద్యానికే! పైగా డివైన్ ఫేవర్ (మాంక్ మంత్రాలకి అదనపు వైద్యం కలిపే గుణం) మనదే. ఒక్క మెండింగ్ అనే వైద్య మంత్రం మాత్రం పెట్టకండి బాబూ, ఎనర్జీ తిరిగి నిండే వేగాన్ని చూపే నాలుగు బాణాల్లో ఒకటి ఊరికే మింగేస్తుంది. గుంపు మీద పడితే చస్తాం, అది వేరే సంగతి. హెంచ్‌మెన్‌తో (కంప్యూటరే నడిపే జట్టు సభ్యులు) ఆడండి, వాళ్లు తిట్టరు.