రాతిమర గ్రిట్స్: ఆరేళ్లు వండాక

అట్లాంటా వచ్చిన కొత్తలో గ్రిట్స్ అనే మొక్కజొన్న రవ్వ వంటకం అంటే నాకు హోటల్లో పొద్దున పెట్టే చప్పిడి గంజే. ఐదు నిమిషాల్లో ఉడికే డబ్బా రకం అది. 2002లో జార్జియా దీన్ని రాష్ట్ర అధికారిక వంటకంగా ఎందుకు ప్రకటించుకుందో అర్థమయ్యేది కాదు. రాతిమరలో విసిరిన రవ్వ సంచి విప్పిన రోజు అర్థమైంది. మా ఊరి కల్లంలో ఎండిన పొత్తులు ఒలిచేటప్పుడు వచ్చే వాసన! పెద్ద మిల్లుల్లో గింజలోంచి మొలక భాగం తీసేస్తారు. రాతిమర రవ్వలో అది ఉండిపోతుంది. నూనే, రుచీ రెండూ అందులోనే.

"ఉప్మా అంత తేలిక" అని అప్పట్లో అందరికీ చెప్పాను. అంత తేలికేం కాదు. రాత్రే నానబెట్టి, పైకి తేలిన పొట్టు చెంచాతో తీసేసి, కప్పుకి నాలుగు కప్పుల నీళ్లతో సన్నని సెగ మీద దాదాపు గంట కలుపుతుండాలి. ఏమరితే అడుగంటుతుంది.

రెండేళ్ల కిందట జూలైలో, సగం వాడిన ఐదు పౌండ్ల సంచి అలమారలో వదిలేసి ఇండియా వెళ్లాం. ఐదు వారాల తర్వాత అత్తయ్యగారిని వెంటబెట్టుకొచ్చాం. ఆవిడకి తినిపించాలని నాకెంత ఆశో! ఆ రవ్వే గంటసేపు కలిపి, వెన్న వేసి, పైన రొయ్యల వేపుడు పెట్టిచ్చాను. ఒక చెంచా తిన్నారు. తర్వాత మాట్లాడకుండా రొయ్యలు మాత్రమే ఏరుకున్నారు. నేను నోట్లో పెట్టుకుంటే గొంతులో చేదు, పాతబడ్డ వేరుశనగ నూనె కంపు. రుచినిచ్చే ఆ నూనే పాడైంది. ఫ్రీజర్లో పెట్టమని సంచి మీద రాసే ఉంది, నేనే చదవలేదు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

వారం తర్వాత కొత్త సంచి తెచ్చి మళ్లీ వండాను. మిగిలింది పళ్లెంలో పరిచి ఫ్రిజ్‌లో పెడితే పొద్దునకి గట్టిగా బిళ్ల కట్టింది. ఇక్కడివాళ్లు చేసినట్టే ముక్కలు కోసి పెనం మీద ఎర్రగా కాల్చాను. అంచులు కరకర, లోపల వెన్న. అత్తయ్యగారు అల్లప్పచ్చడితో నాలుగు తిని, ఇంకా ఉన్నాయా అని అడిగారు.

వారంలో రెండు రోజులు ఇంటి నుంచే పని కాబట్టి నాకు కుదురుతోంది. ఆఫీసుకి పరుగెత్తే రోజుల్లో నేనూ బొంబాయి రవ్వే తీస్తాను. ధరా ఎక్కువే. కొనేవాళ్లు చిన్న సంచి కొనండి, ముందు ఫ్రీజర్లో చోటుందో లేదో చూసుకోండి.