మాంటెస్క్యూ బాటా, రూసో బాటా: ఏది మేలు?

1789 ఆగస్టు 26న ఫ్రాన్స్ జాతీయ సభ ఆమోదించిన మానవ హక్కుల ప్రకటనలో 17 అధికరణలున్నాయి. ఆరోది చదివితే తత్వవేత్త రూసో గొంతు వినిపిస్తుంది: చట్టమంటే ప్రజల ఉమ్మడి సంకల్పం. పదహారోది మరో తత్వవేత్త మాంటెస్క్యూది: హక్కులకు భరోసా, అధికారాల విభజన లేని సమాజానికి రాజ్యాంగమే లేనట్టు. ఇద్దరూ ఒకే కాగితం మీద సర్దుకున్నారు గానీ, ఆచరణలో ఐదేళ్లయినా ఒక కప్పు కింద ఉండలేకపోయారు.

మాంటెస్క్యూ బోర్డో న్యాయస్థానంలో జడ్జిగా పనిచేసినవాడు. అధికారం చేతికందినవాడు ఎవరైనా సరే, అడ్డుకునేవాళ్లు లేకపోతే హద్దు దాటుతాడన్నది ఆయన నమ్మకం. అందుకే 1748లో వచ్చిన తన పుస్తకంలో చట్టం చేసేవాళ్లు, అమలు చేసేవాళ్లు, తీర్పు చెప్పేవాళ్లు వేర్వేరుగా ఉండాలన్నాడు. 1787లో అమెరికా రాజ్యాంగం రాసినవాళ్లు దీన్నే పునాదిగా తీసుకున్నారు.

రూసో అడిగింది వేరే ప్రశ్న. అసలు అధికారం ఎవరి సొత్తు? ప్రజలది, దాన్ని ముక్కలు చేయకూడదు, ఇంకొకరి చేతిలో పెట్టకూడదు అని 1762లో జవాబిచ్చాడు. ఇంగ్లండ్ ప్రజలు ఎన్నికలప్పుడే స్వతంత్రులు, అవి అయిపోగానే బానిసలు అన్నాడు. ఓటేశాక ఐదేళ్లదాకా నాయకుడి ముఖం చూడనివాళ్లకు ఆ మాట ఇప్పటికీ సూటిగా తగులుతుంది.

మరి ఏ బాట ఎక్కడికి తీసుకెళ్లింది? ఫ్రెంచి విప్లవం నడుస్తుండగా 1794 జూన్ 10న పారిస్‌లో తెచ్చిన ప్రేరియల్ చట్టం చూడండి. ‘ప్రజల శత్రువు’ అని ముద్ర పడినవాడికి లాయరు ఉండడు. తీర్పు రెండే రకాలు: విడుదల, లేదా మరణం. చట్టం చేసిన సభే ప్రభుత్వాన్నీ నడిపేది, విప్లవ కోర్టూ దాని కనుసన్నల్లోనే ఉండేది. ఏడు వారాల్లో ఒక్క పారిస్‌లోనే 1,300 మందికి పైగా తలలు తెగాయి. రూసో కోరింది ఇది కాదు. శాసనం చేసే ప్రజలు వేరు, అమలు చేసే ప్రభుత్వం వేరు అని ఆయనా చెప్పాడు. కానీ ‘ప్రజల సంకల్పం ఫలానా’ అని నిర్ణయించేదెవరో, ఆ నిర్ణయం తప్పయితే ఎవరి దగ్గర మొరపెట్టుకోవాలో ఆయన సిద్ధాంతంలో గట్టి జవాబు దొరకదు. ఆ ఖాళీలోనే విప్లవ నాయకుడు రోబెస్పియర్ కూర్చున్నాడు.

అయితే అదే సభ 1794 ఫిబ్రవరి 4న ఫ్రెంచి వలసలన్నింటిలో బానిసత్వాన్ని ఒక్కరోజులో రద్దు చేసింది. అసలు ఒత్తిడి సాన్ దొమాంగ్ (ఇప్పటి హైతీ) బానిసల తిరుగుబాటుదే, ఘనత ముందు వాళ్లది. అయినా ఆ సభ చేయగలిగింది. అడ్డుగోడలన్నీ పద్ధతిగా కట్టుకున్న అమెరికాకు అదే పనికి 1865 దాకా పట్టింది, మధ్యలో అంతర్యుద్ధం కూడా జరిగింది. 1857లో డ్రెడ్ స్కాట్ కేసులో సుప్రీంకోర్టు నల్లజాతివాళ్లు పౌరులే కారని తీర్పిచ్చింది. కలిగినవాడి ఆస్తినీ మాంటెస్క్యూ గోడ అంతే భద్రంగా కాపాడుతుంది. ఆ బాటలో ఇది చిన్న లోపం కాదు.

అయినా నేను మాంటెస్క్యూ వైపే. ఫ్రాన్స్ ఒక్కరోజులో ఇచ్చిన స్వేచ్ఛను 1802లో నెపోలియన్ ఒక్క చట్టంతో అంతే తేలిగ్గా రద్దు చేశాడు, ఆపగలిగిన సంస్థ ఒక్కటీ మిగల్లేదు. మందకొడి వ్యవస్థను కదిలించడానికి ఉద్యమం చేయొచ్చు. గోడలే లేనిచోట ఉద్యమం చేసినవాడి మెడకే కత్తి వస్తుంది.

మన దగ్గరా ఈ గొడవ నడిచింది. 1967లో గోలక్‌నాథ్ కేసులో రాజమండ్రిలో పుట్టిన ప్రధాన న్యాయమూర్తి కోకా సుబ్బారావు, ప్రాథమిక హక్కులను పార్లమెంటు కూడా తగ్గించలేదన్నారు. ఆస్తి హక్కూ అప్పట్లో వాటిలో ఒకటి కాబట్టి, భూసంస్కరణలు కోరుకున్నవాళ్లు దాన్ని ప్రజల తీర్పుకు అడ్డుగా చూశారు, వాళ్ల బాధలో న్యాయముంది. 1973లో కేశవానంద భారతి కేసు మధ్యేమార్గం చూపింది: హక్కులతో సహా దేన్నైనా సవరించొచ్చు, మౌలిక స్వరూపాన్ని మాత్రం చెరపకూడదు. ఏడుగురు జడ్జీలు అటు, ఆరుగురు ఇటు. 1975లో ప్రధాని ఎన్నికపై కోర్టులు మాట్లాడకూడదని పార్లమెంటు రాజ్యాంగాన్నే సవరిస్తే, ఎమర్జెన్సీ మధ్యలోనే సుప్రీంకోర్టు ఆ నిబంధన కొట్టేసింది ఈ సూత్రంతోనే. అదే కోర్టు మరుసటి ఏడాది, నిర్బంధంలో ఉన్నవాళ్లు హెబియస్ కార్పస్ (నిర్బంధం చెల్లుతుందా అని కోర్టులో ప్రశ్నించే పిటిషన్) అడగలేరని చెప్పింది. ఐదుగురిలో ఒక్క హెచ్.ఆర్. ఖన్నా మాత్రమే ఒప్పుకోలేదు.