మూలకణాలు: పిండమా, క్లోనింగా, చర్మమా... ఏది మేలు?

మూలకణాల మాట వచ్చినప్పుడల్లా ఎవరో ఒకరు "అయితే మనిషికి మనిషిని అచ్చు గుద్దేస్తారా?" అని అడుగుతారు. ఆ భయాన్ని ముందే పక్కన పెడదాం. 1996 జులైలో ఎడిన్‌బరో దగ్గరి రోస్లిన్ సంస్థలో మరో గొర్రెకు అచ్చు నకలుగా, అంటే క్లోనింగ్‌తో, డాలీ అనే గొర్రెపిల్ల పుట్టడానికి శాస్త్రవేత్తలు 277 అండాలలో కేంద్రకం మార్చారు. వాటిలో బతికి బట్టకట్టింది డాలీ ఒక్కటే. ఆడవాళ్ల కడుపుల మీద ఇలాంటి జూదం ఆడడాన్ని ఏ వైద్యుడూ సమర్థించడు. మన దేశ మార్గదర్శకాలు కూడా దీన్ని నిషేధించాయి. కాబట్టి బిడ్డను కనడానికి చేసే క్లోనింగ్ ఈ పోటీలో లేదు.

అసలు పోటీ వేరే చోట ఉంది. పాడైపోయిన అవయవాన్ని బాగు చేయడానికి, ఏ రకం కణంగానైనా మారగల మూలకణాలు కావాలి. వాటిని ఎక్కడి నుంచి తెచ్చుకోవాలి?

మొదటి దారి పిండం. 1998లో అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో జేమ్స్ థామ్సన్ బృందం మానవ పిండాల నుంచి మూలకణాలను వేరు చేసి, ప్రయోగశాలలో పెంచింది. అక్కడ పిండం అంటే కాళ్లూ చేతులూ ఏర్పడినది కాదు. ఫలదీకరణ జరిగి అయిదారు రోజులైన చిన్న కణాల ముద్ద. అయినా ఆ కణాలు తీస్తే పిండం నశిస్తుంది, గొడవంతా దాని గురించే. 2001 ఆగస్టు 9 నాటికి తయారై ఉన్న కణ పరంపరల (ఒక పిండం నుంచి తీసి ప్రయోగశాలలో పెంచుతూ వచ్చే కణాలు) మీద పరిశోధనకు మాత్రమే ప్రభుత్వ డబ్బు ఇస్తామని అప్పటి అమెరికా అధ్యక్షుడు బుష్ ప్రకటించారు. ఆ జాబితాలో బెంగళూరు, ముంబై ప్రయోగశాలల పరంపరలు కూడా ఉన్నాయి. 2009లో ఒబామా ఆ ఆంక్షను ఎత్తేశారు.

ఈ ప్రశ్న అమెరికా చర్చిలకే పరిమితం కాదు. మన జిల్లా కేంద్రాల్లోనూ సంతాన సాఫల్య కేంద్రాలు వెలిశాయి, అక్కడ మిగిలిపోయిన పిండాలు గడ్డకట్టి ఉంటాయి. 2021 నాటి మన చట్టం ప్రకారం వాటిని పదేళ్లకు మించి దాచకూడదు. ఆ తర్వాత నశించిపోనివ్వాలి, లేదా దంపతుల అంగీకారంతో పరిశోధనకు ఇవ్వాలి. ఎలాగూ పారవేసే పిండాన్ని వారి సమ్మతితో పరిశోధనకు వాడటంలో నాకు తప్పు కనిపించదు. చంపడం కోసమే కొత్త పిండాన్ని తయారు చేయడం మాత్రం వేరే సంగతి. రెండో దారి సరిగ్గా అక్కడికే తీసుకెళ్తుంది.

రెండోది చికిత్స కోసం చేసే క్లోనింగ్. రోగి చర్మకణంలోని కేంద్రకాన్ని తీసి, కేంద్రకం తొలగించిన అండంలో పెట్టి, పిండంగా ఎదగనిచ్చి, దాన్నుంచి మూలకణాలు తీస్తారు. కణాలు రోగి జన్యువులతోనే ఉంటాయి కాబట్టి శరీరం తిరస్కరించదని ఆశ. కాగితం మీద ఇంత చక్కని ఆలోచన మరొకటి లేదు. ఈ పని చేసేశామని 2004, 2005లలో దక్షిణ కొరియాలో హ్వాంగ్ వూ-సుక్ అనే శాస్త్రవేత్త ప్రకటిస్తే ఆ దేశం ఆయన్ను నెత్తిన పెట్టుకుంది. 2006 జనవరి నాటికి అవి కల్పిత ఫలితాలని తేలి, ఆయన పరిశోధన పత్రాలను ఉపసంహరించారు. అబద్ధపు ఫలితాల కన్నా నన్ను ఎక్కువగా కలవరపెట్టేది ఆ అండాల సంగతి. స్త్రీల నుంచి రెండు వేలకు పైగా అండాలు సేకరించారు. కొందరికి డబ్బిచ్చారు, కొన్ని ఆయన దగ్గర పనిచేసే యువ పరిశోధకుల నుంచే వచ్చాయి. పై అధికారి ప్రయోగానికి అండం ఇస్తూ "నా ఇష్టపూర్వకంగానే" అని సంతకం చేసే అమ్మాయి అంగీకారానికి విలువెంత?

అండం తీయడం రక్తదానం లాంటిది కాదు. రోజుల తరబడి హార్మోను ఇంజెక్షన్లు, మత్తు, సూదితో అండాశయం నుంచి సేకరణ, కొందరిలో ప్రమాదకరమైన అండాశయ వాపు. మన చట్టం అండదాతను జీవితంలో ఒక్కసారికే, అదీ ఏడు అండాలకే పరిమితం చేసింది. ఆ లెక్కన రెండు వేల అండాలకు 280 మందికి పైగా స్త్రీలు కావాలి. డబ్బుకు ఆశపడి ఆ వరుసలో నిలబడేది ఏ ఇంటి ఆడవాళ్లో ఊహించడం కష్టం కాదు. 2013లో అమెరికాలోని ఆరిగాన్‌లో షౌఖ్రత్ మితలిపోవ్ బృందం మానవ కణాలతో ఈ పద్ధతిని నిజంగానే సాధించింది. కానీ అప్పటికే దాని అవసరం చాలావరకు తీరిపోయింది.

తీర్చింది మూడో దారి. జపాన్‌లో షిన్యా యమనక 2006లో ఎలుక కణాలతో, 2007లో మనిషి చర్మకణాలతో చేసి చూపించారు. నాలుగే నాలుగు జన్యువులను చొప్పిస్తే ఎదిగిన కణం వెనక్కి నడిచి, పిండ మూలకణం లాంటిదైపోతుంది. పిండం అక్కరలేదు, అండం అక్కరలేదు. 1962లోనే కప్పలను క్లోనింగ్ చేసిన జాన్ గర్డన్‌తో కలిపి 2012లో ఆయనకు నోబెల్ ఇచ్చారు. ఇలా వెనక్కి నడిపించిన కణాలనే ఐపీఎస్ (ఇండ్యూస్డ్ ప్లూరిపొటెంట్ స్టెమ్) కణాలంటారు.

నీతి పరంగా ఇదే మేలు, అందులో సందేహం లేదు. వైద్యపరంగా అంత సులువుగా చెప్పలేం. ఆ నాలుగు జన్యువుల్లో ఒకటి క్యాన్సర్‌తో సంబంధమున్నది. 2014లో జపాన్‌లోని కోబెలో మసాయో తకహాషి బృందం వయసుతో రెటీనా దెబ్బతిన్న ఒక మహిళకు ఆమె కణాలతోనే చేసిన పొరను అమర్చింది. రెండో రోగి కణాల్లో జన్యు మార్పులు కనిపించడంతో ఆపేశారు. ఎవరి కణం వారికే అనే పద్ధతికి నెలల సమయం, విపరీతమైన ఖర్చు అవుతాయి. 2017లో అదే బృందం దాత కణాల వైపు మళ్లింది. దాత కణాలంటే మళ్లీ తిరస్కరణ భయం ఉండనే ఉంది.

ఇక ఫలితాలు. పార్కిన్సన్స్ వ్యాధిలో రెండు దారుల తొలి ప్రయోగాల ఫలితాలు 2025లో ఒకేసారి వెలువడ్డాయి: పిండ కణాలతో ఉత్తర అమెరికాలో 12 మందికి, ఐపీఎస్ కణాలతో క్యోటోలో ఏడుగురికి. రెండింటిలోనూ కణితులు కనిపించలేదు, కొందరికి కదలికలు మెరుగయ్యాయి. ఇంత చిన్న ప్రయోగాలతో ఏది గెలిచిందో తేల్చలేం. మొదటి రకం మధుమేహంలో మాత్రం పిండ కణాలు ముందున్నాయి. వాటితో తయారుచేసిన ఇన్సులిన్ కణాలు పూర్తి మోతాదులో తీసుకున్న 12 మందిలో 10 మందికి ఏడాది తర్వాత ఇన్సులిన్ ఇంజెక్షన్ అవసరం లేకపోయింది. బదులుగా రోగనిరోధక శక్తిని అణచే మందులు వాడుతూ ఉండాలి. చైనాలోని తియాన్‌జిన్‌లో ఒక యువతికి ఆమె సొంత కణాలతోనే చేసిన చికిత్స రెండున్నర నెలల్లో ఇన్సులిన్ మాన్పించింది. కానీ కాలేయ మార్పిడి జరిగిన ఆమె అప్పటికే అలాంటి మందుల మీదే ఉంది. సొంత కణాలైతే మందులు లేకుండా నిలుస్తాయా అన్న అసలు ప్రశ్నకు ఆమె వల్ల జవాబు దొరకదు.

నన్ను ఎంచుకోమంటే కొత్త పరిశోధనకు ఐపీఎస్ కణాలకే ఓటేస్తాను. ఇప్పటికే ఉన్న పిండ కణ పరంపరలను రోగుల కోసం వాడుకోవడానికి అభ్యంతరం చెప్పను. క్లోనింగ్ దారికి ఇక పైసా పెట్టను.

అయితే ఈ మూడింటికన్నా ముందే జనానికి పనికొచ్చిన నాలుగోది ఉంది, అది ఎదిగిన మనిషి శరీరంలోనే ఉండే మూలకణాలు. దాని గురించి ఎవరూ వాదించుకోరు. ఎముక మజ్జ మార్పిడి దశాబ్దాలుగా రక్తవ్యాధులకు వాడుకలో ఉంది. హైదరాబాద్‌లోని ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ 2001 నుంచి మూలకణాలతో కంటి చికిత్స చేస్తోంది. కంట్లో సున్నమో, యాసిడో పడితే నల్లగుడ్డు అంచున ఉండే మూలకణాలు కాలిపోయి, చూపు మసకబారుతుంది. బాగున్న రెండో కంటి అంచు నుంచి చిన్న ముక్క తీసి, ప్రయోగశాలలో పెంచి అతికించేవారు. 2012లో వీరేందర్ సంగ్వాన్ బృందం ఆ ప్రయోగశాల కూడా అక్కరలేదని చూపింది. ముక్కను చిన్న చిన్న తునకలు చేసి, ఉమ్మనీటి సంచి పొర మీద పేర్చితే కణాలు కంటి మీదే పెరుగుతాయి. ఖర్చు బాగా తగ్గింది. రెండు కళ్లూ కాలిపోయినవారికి మాత్రం ఈ దారి లేదు, దాతను వెతకాలి.

మన ఊళ్లలో అసలు నీతి ప్రశ్న పిండం దగ్గర లేదు, బిల్లు దగ్గర ఉంది. భారత వైద్య పరిశోధన మండలి 2017 మార్గదర్శకాల ప్రకారం రక్తవ్యాధులకు చేసే మార్పిడి తప్ప మిగతా మూలకణ వైద్యాలు అనుమతి పొందిన ప్రయోగాలుగానే జరగాలి. అయినా ఆటిజానికీ, పక్షవాతానికీ, మోకాళ్లకూ లక్షలు తీసుకుని ఇంజెక్షన్లు ఇస్తామనేవారు ఉన్నారు. అమెరికాలోని ఫ్లోరిడాలో సొంత కొవ్వు కణాలను రెండు కళ్లలో ఎక్కించుకున్న ముగ్గురు మహిళలు చూపు కోల్పోయారు. వారూ ఆ ఇంజెక్షన్లకు డబ్బు కట్టినవారే. ఎవరైనా మూలకణ చికిత్స చేస్తామంటే వైద్య ప్రయోగాలను నమోదు చేసే క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీలో దాని నమోదు సంఖ్య అడగండి. నిజమైన ప్రయోగమైతే ఆ చికిత్సకు రోగి దగ్గర డబ్బు తీసుకోకూడదు.