నెపోలియన్ ఉత్తరమా, విక్టోరియా ఉత్తరమా?

ప్రముఖుల పాత ఉత్తరాలు కొని దాచుకునే సరదా ఉంటే, ఈ ఇద్దరిలో ఎవరివి మేలు? నెపోలియన్ ఉత్తరాలు దాదాపు 40 వేలు అచ్చయ్యాయి. అయితే చాలావరకు కార్యదర్శులకు చెప్పి రాయించినవే, ఆయనది కింద సంతకం మాత్రమే. అదీ ఒక్కలా ఉండదు. 1796 దాకా ‘బువోనపార్తే’, తర్వాత ‘బోనపార్త్’, 1804లో చక్రవర్తి అయ్యాక ‘నెపోలియన్’, తొందరలో ఉంటే ఒట్టి ‘నాప్’. తేదీకీ సంతకానికీ పొసగకపోతే అనుమానించాల్సిందే. నకిలీల టెన్షన్ సరేసరి!

విక్టోరియా రాణి కాస్త నయం. సొంత దస్తూరీ ఉత్తరాలు చాలానే మిగిలాయి. 1861లో భర్త ఆల్బర్ట్ పోయాక నల్ల అంచు కాగితం వాడింది కాబట్టి, కాలం పోల్చుకోవడానికి ఓ ఆనవాలు దొరుకుతుంది. సైనికాధికారుల నియామక పత్రాల్లో మాత్రం సంతకం కోసం కింద వెతక్కండి, పైనే ఉంటుంది.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు నా ఓటు విక్టోరియాకే. నెపోలియన్ కావాలంటే ముందు నిపుణుడికి చూపించి, ఆ తర్వాతే డబ్బు తీయండి.